పూటలో లోతెక్కిన బావి

"మా బావి లోతు ఎవర్రా పెంచింది?"

వీధి చివరిదాకా వినబడింది ఆ కేక. వేసింది తాతబ్బాయి. ఆరడుగుల మీద ఇంకో బెత్తెడున్న మనిషి. చేతిలో కొత్త తాడు, తాడు కొసన బకెట్టు, బకెట్టు నిండా గాలి.

ముందు ఈ ఇంటి సంగతి చెప్పాలి మీకు. తాతబ్బాయి, వాడి తల్లి సూరమ్మ, పెళ్ళాం నాగరత్నం. "మా ఇంట్లో తెలివి తరతరాలుగా దాచుకుంటూ వస్తున్నాం" అని చెప్పుకుంటారు. నిజమే, ఎవరూ బయటికి తీసి వాడగా నేనైతే చూళ్ళేదు. దానికి తోడు మూడో తరగతి చదివే కూతురు మంగకి లెక్కల్లో ఫస్టు వచ్చింది. ఇంకేముంది, పాఠం చెప్పిన విమల టీచర్ని ఆదివారం భోజనానికి పిలిచేశారు. టీచరు తమ ఇంట్లో అన్నం తినాలని మంగకి వారం నుంచీ ఒకటే ఆరాటం.

ఆ ఆదివారం పొద్దున్నే చేదతాడు తెగి, బకెట్టుతో సహా బావిలో పడింది. నీళ్ళు లేవు, ఎసరు లేదు. తాడు కొనాలి. ఎంత పొడుగు కొనాలి?

"ముందు అంచనా వెయ్యాలి. తప్పయినా ఫర్వాలేదంది మా టీచరు," అంది మంగ.

తప్పయినా ఫర్వాలేదంటే తప్పే చెప్పాలన్నమాట. ముగ్గురూ పోటీపడ్డారు.

"రెండు బెత్తెలు," అంది సూరమ్మ.

"ఆ తప్పేం సరిపోతుందత్తయ్యా. వెయ్యి బారలు," అంది నాగరత్నం.

తాతబ్బాయి బావిలోకి తొంగిచూసి, బాగా ఆలోచించి, "శనివారం" అన్నాడు. గెలిచింది వాడే.

"ఇప్పుడు కొలవాలి," అంది మంగ. సూరమ్మ పాతచీరలు రెండు ముడేసి, రాయి కట్టి దింపారు. పైనుంచి తడి మొదలైన చోటు దాకా తాతబ్బాయి రెండు చేతులూ బార్లా చాపి కొలిచాడు. నాలుగు బారలు. బాగానే ఉంది కదా. అక్కడితో ఆగితే వీళ్ళ కథ నేనెందుకు చెబుతాను?

మా ఊరి తాళ్ళకొట్లో ఓ పద్ధతుంది. కొట్టువాడి చేతులు పొట్టివని ఎవరూ ఆడిపోసుకోకుండా, కొనడానికి వచ్చినవాళ్ళ బారతోనే కొలిచిస్తాడు. అందుకని ఊరంతా ఇంట్లో పొడుగాటి మనిషిని పంపిస్తుంది. మనవాళ్ళు మంగని పంపారు.

"కొలతలు చదువుకున్నది అదే కదా. దాని బారే అసలు బార," అంది సూరమ్మ.

మంగ బుజ్జి చేతులు చాపి నాలుగు బారల తాడు తెచ్చింది. అంతే. ఇంట్లో ఉన్న ఇంకో బకెట్టు కట్టి బావిలోకి వదిలితే, అది నీళ్ళకి నిలువెత్తు పైన ఊగుతూ ఉండిపోయింది.

అదీ ఆ కేక. పక్కింటి గంగరాజు గోడ మీంచి తల పెట్టాడు.

"ఏంటి బావా?"

"పొద్దున్న బావి నాలుగు బారలు. తాడూ నాలుగు బారలే. పిల్ల కొట్టుకెళ్ళి వచ్చేలోపు నువ్వేగా తవ్వింది?"

"నా నూతిలో పూడికే తియ్యలేక చస్తుంటే నీది తవ్వుతానా? తవ్వితే మట్టేదీ?"

"చూశావా అమ్మా. మట్టి కూడా దాచేశాడు."

"పోనిద్దురూ, గొడవెందుకు? వాళ్ళు తవ్వినంతా మనం పూడ్చేస్తే మళ్ళీ నాలుగు బారలకి వస్తుంది," అంది నాగరత్నం. అందరికీ నచ్చింది. మూడు గంపల మట్టి పోశారు. నీళ్ళు చిక్కటి కాఫీ అయ్యాయి. నాలుగో గంప ఎత్తుతుండగా టీచరు రానే వచ్చింది.

"ఇంకా బియ్యం కూడా కడగలేదు టీచర్," అని మంగ బావురుమంది.

టీచరు అంతా విని, తండ్రినీ కూతుర్నీ పక్కపక్కన నిలబెట్టి చేతులు చాపమంది. మంగ చేతులు వాళ్ళ నాన్న మోచేతులు కూడా దాటలేదు.

"బావి పెరగలేదండీ, కొలిచిన చేతులు మారాయి. అందుకే అందరికీ ఒకే కొలత ఉండాలి. ఇదిగో, ఇది ఎవరు పట్టుకున్నా ఇంతే," అని సంచిలోంచి ముప్ఫై సెంటీమీటర్ల స్కేలు తీసి సూరమ్మ చేతిలో పెట్టింది.

"అందరికీ ఒకే కొలత," అని సూరమ్మ మూడుసార్లు వల్లెవేసుకుంది.

గంగరాజు జాలిపడి తన నూతి నీళ్ళు నాలుగు బిందెలు పోశాడు. వంట అయ్యేసరికి మూడయింది. వాడితో సహా అందరూ అరిటాకుల ముందు కూర్చున్నారు. మంగ వెళ్ళి టీచరు పక్కనే చతికిలబడింది.

సూరమ్మ స్కేలు పుచ్చుకుని వడ్డనకి దిగింది. ప్రతి ఆకులోనూ స్కేలు పెట్టి, సున్నా నుంచి ముప్ఫై దాకా గింజ పక్కన గింజ, ఒక్క వరస అన్నం పేర్చింది. మంగకీ అంతే, ఆరడుగుల తాతబ్బాయికీ అంతే.

"నాకింకో స్కేలు వడ్డించత్తా," అన్నాడు గంగరాజు.

"ఒకే కొలత," అంది సూరమ్మ.

చారు దగ్గరే వచ్చింది చిక్కు. గీత మీద నిలవకుండా జారిపోతోంది.

"టీచరమ్మా, చారు ముప్ఫై దాటిపోతోంది. కాస్త వేలు అడ్డం పెడుదురూ," అంది సూరమ్మ.

టీచరు ఓసారి స్కేలు వైపు చూసింది, ఓసారి ఆకు వైపు చూసింది. పొద్దున్న ఒట్టి కాఫీ తాగి వచ్చిన మనిషి. ముప్ఫై దగ్గర ఎడమచేతి వేలు అడ్డం పెట్టి, కుడిచేత్తో తినడం మొదలుపెట్టింది.

చదువుకున్నావిడ చేశాక ఇంకేముంది, పంక్తిలో అందరూ తలో వేలూ ఆకులో ఆనకట్టేసుకుని భోంచేశారు.