గోడవైపు తిరిగిన పిల్లలు

రామజోగమ్మగారి ఆశ్రమంలో ఒక ఆచారం ఉండేది. పిల్లలకోసం ఏదైనా పట్టుకొచ్చినవారు దాన్ని కొట్టుగదిలో పెట్టి, పదిరోజులపాటు ఒట్టి చేతులతో పిల్లల మధ్య కూర్చోవాలి. పంచిపెట్టడం ఆ తరవాతే. నది అవతలి కొండల్లో రెండు పక్షాల నడుమ పోరు మొదలయ్యాక, అయినవాళ్ళను పోగొట్టుకొని ఇవతలికి చేరిన పిల్లలు అక్కడ పంతొమ్మిదిమంది ఉన్నారు.

శిష్యుడు వీరరాఘవులు నేతపనివారి ఇంట పుట్టినవాడు. చీరాలనుంచి రెండు మూటల కొత్తబట్టలు తెచ్చాడు. మూడోనాటికే అతని ఓపిక అయిపోయింది.

“అమ్మా, పిల్లలు చిరుగుబట్టల్లో తిరుగుతున్నారు. కొత్తవేమో కొట్టుగదిలో మూలుగుతున్నాయి. బిడ్డకు గుడ్డ ఇవ్వడానికి కూడా పదిరోజుల చదువు కావాలా?” అని అడిగాడు.

రామజోగమ్మగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. తలెత్తకుండానే, “అక్కర్లేదనిపిస్తే ఇప్పుడే పంచు నాయనా,” అన్నారు.

అతను సంతోషంగా మూటలు వసారాలోకి తెచ్చి విప్పాడు. పిల్లలు చుట్టూ మూగారు. తోపులాటలో చిన్నవాళ్ళకు అందవేమోనని, ఎవరినీ కసరకుండా, మెల్లగా ఒక మాట చెప్పాడు.

“గోడ దగ్గర వరసగా నిలబడండమ్మా.”

వసారాలో సందడి ఒక్కసారిగా ఆగిపోయింది. పిల్లలు గబగబా వెళ్ళి బారుగా నిలబడ్డారు. అందరి ముఖాలూ గోడవైపే. అందరి చేతులూ తలలపైకి లేచి ఉన్నాయి. ఏమీ తెలియక ఇటే చూస్తున్న నాలుగేళ్ళ తమ్ముడు ఉంగణ్ణి, జోగి అనే తొమ్మిదేళ్ళ పిల్ల భుజం పట్టి గోడకేసి తిప్పింది. వాడి చేతులు కూడా పైకెత్తి పెట్టింది.

వీరరాఘవులు చేతిలోని చొక్కా జారిపోయింది. ఎదురుగా ఉన్న వీపుల్లో ఒక్కటీ కదల్లేదు. చివరికి జోగి తల తిప్పకుండానే అడిగింది.

“అయ్యా, మా ఉంగడు చిన్నోడు. ఆడొక్కణ్ణి కూచోబెట్టనా?”

ఆ మాటకు రామజోగమ్మగారు చేట పక్కన పెట్టి లేచి వచ్చారు. పిల్లల మధ్య, గోడకు వీపు ఆనించి నేలమీద కూర్చున్నారు. ఉంగణ్ణి ఒళ్ళోకి తీసుకుని, “కూచోండర్రా, కాళ్ళు పీకుతాయి,” అన్నారు.

జోగి చేతులు దించలేదు. ఓరగా వీరరాఘవులు వంక చూసింది. తన అనుమతికోసం చూస్తోందని గ్రహించి అతను ఉన్నచోటనే కూలబడ్డాడు. అతను కూర్చున్నాక గాని ఆ చేతులు ఒక్కొక్కటీ కిందికి దిగలేదు. ఆ రోజు ఏ బిడ్డా బట్టల దగ్గరికి రాలేదు.

సాయంత్రం అతను అన్నం ముట్టలేదు. వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు. “నేను గట్టిగా కూడా అనలేదమ్మా. మెల్లగానే చెప్పాను,” అన్నాడు.

“విన్నాను నాయనా,” అన్నారు రామజోగమ్మగారు. “వాళ్ళ ఊళ్ళోనూ మొదట మెల్లగానే చెప్పి ఉంటారు.”