తాడు కట్టని తల్లి

జనుమువలస పచ్చిరొట్టమ్మ తల్లి దర్శనానికి వచ్చేవారు వాకిట్లోనే ఎడ్ల పలుపులు విప్పేస్తారు. తాడన్నది ఈ గడప దాటి లోపలికి రాకూడదు. గంటకు కూడా తాడుండదు. పిల్లలను భుజాలకెత్తి మోగిస్తారు. రథాన్ని లాగరు, వెనకనుంచి భుజం ఆనించి తోస్తారు.

పూర్వం ఈ నేలంతా జనుము పండేది. పైరు నడుమెత్తు పెరిగి పసుపుపచ్చగా పూసిందంటే రైతుకు రెండు దారులు. పూత మీదే కలియదున్నితే ఆ పచ్చిరొట్ట మట్టిలో కుళ్లి వరికి బలమిస్తుంది. ముదరనిచ్చి కోసి, నీళ్లలో నానవేసి నార తీస్తే తాళ్లవుతాయి. కొండమీద కోట కట్టిస్తున్న దొర, పైరంతా నారకే ఇవ్వాలని ఆజ్ఞ వేశాడు. ఆ తాళ్లతోనే బండలు లాగించేవాడు, వెట్టికి రామన్నవారిని ఆ తాళ్లతోనే కట్టి ఈడ్పించేవాడు. ఈ ఊరి రైతు ఎర్రయ్యమ్మ పెనిమిటి గంగులును కూడా అలాగే తీసుకుపోయారు. చేను నార అప్పగిస్తే మనిషిని వదులుతామని కబురంపారు.

ఆమె నిలువునా నలిగిపోయింది. పైరు పూతకు వచ్చిన వేళ అమ్మవారు కలలో కనబడి, "నీ నారతో రేపు ఎవరి చేతులు కడతారే బిడ్డా?" అని అడిగింది.

తెల్లవారగానే ఎర్రయ్యమ్మ ఎడ్లను తోలుకుని చేలోకి దిగింది. ఆడది నాగలి పట్టడమేమిటని ఇరుగుపొరుగు నోళ్లు నొక్కుకున్నారు. ఇంట్లో తాళ్లన్నీ దొర మనుషులే ఊడ్చుకుపోవడంతో కొంగు చింపి కాడి కట్టింది. పూసిన పైరు సాలు వెంట సాలు మట్టిలో కలిసిపోతుంటే దొర బంట్రోతు భటులతో పరుగున వచ్చాడు.

"ఏమే, మతిగాని పోయిందా? బంగారంలాంటి నార మట్టిపాలు చేస్తావా? మొగుడి మీద ఆశ లేదా?"

"మట్టిది మట్టికే ఇచ్చినాను బాబూ. తాళ్లు గావాలంటే తమరి తలపాగాలు పేనుకోండి!"

ఆమెను కట్టమని బంట్రోతు అరిచాడు. అప్పుడే నాగలి కర్రుకు అడ్డుపడి అమ్మవారి విగ్రహం పైకి లేచింది. భటులు విసిరిన తాళ్లు వాళ్ల చేతుల్లోనే పచ్చిరొట్టలా కుళ్లి రాలిపోయాయి. కొండమీద బందీల కట్లూ ఆ క్షణానే ఊడిపోయాయి. సాయంత్రానికి గంగులు ఇల్లు చేరాడు. అతని మణికట్ల మీది కాట్లు మాత్రం చచ్చేదాకా మానలేదని మా పెద్దలు చెప్పేవారు. ఆ తర్వాత ఊరూరా పైరు దున్నేశారు. తాళ్లు లేక కోట సగంలోనే నిలిచిపోయింది.

ఇప్పటికీ తొలకరిలో భక్తులు తల్లి చేలో గుప్పెడు జనుము చల్లుతారు. విత్తనానికి గట్టువారగా ఒక్క సాలు వదిలి, మిగతాదంతా పూత మీద ఆడవాళ్లే దున్నుతారు. కాడికి కట్టేది చీరకొంగే. ఆ మట్టి చిటికెడు చల్లుకుంటే చేనుకు చేవ, చెరలో ఉన్నవారికి విడుదల అని నమ్మకం. దున్నకానికి ముందు పూజారి గట్టు మీద నిలబడి, "ఏమే, మతిగాని పోయిందా?" అని గద్దిస్తాడు.

"తలపాగాలు పేనుకోండి!" అని చేనంతా ఒక్క గొంతై బదులిస్తుంది. ఆ మాట వినబడగానే, ఎంతటి పెద్దమనిషైనా తలపాగా తీసి తల్లి పాదాల దగ్గర పెట్టాల్సిందే.