శివరాత్రి దాకా ఇచ్చిన మడి

వకుళకు రైతుల మీద కోపం వచ్చింది. మంచి మాట చెబితే వినరేమని, చదువుకున్నవాళ్ళకు తరచుగా వచ్చే కోపమే అది.

ఆమె వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు చేసింది. గోదావరి డెల్టాలో నేలలు ఎందుకు చవుడుబారి సారం పోగొట్టుకుంటున్నాయో చూసి చెప్పమని ఒక కమిటీ ఆమెకు పని అప్పగించింది. ఏడాదిపాటు స్కూటరు మీద పదకొండు ఊళ్ళు తిరిగింది. మట్టి తీయించి పరీక్షలకు పంపింది. నలభై ఆరు ప్రశ్నల ఫారం పట్టుకుని రెండు వందల పన్నెండు ఇళ్ళ అరుగుల మీద కూర్చుంది.

చివరికి తేలిందేమిటంటే, సొంత పొలం చేసుకునేవాళ్ళు పదిమందిలో ఏడుగురు పశువుల ఎరువు తోలుతున్నారు, ఎండాకాలంలో జీలుగ చల్లి పచ్చిరొట్టగా దున్నుతున్నారు. కౌలు రైతుల్లో మాత్రం పదిమందికి ఒక్కరు. జీలుగ విత్తనం తక్కువ ధరకు ఇస్తే ఇంటికి తీసుకెళ్ళి, చల్లకుండా మూట అటకెక్కించినవాళ్ళు కూడా కనబడ్డారు.

వాళ్ళలో సువార్తమ్మ ఒకతె. రెండెకరాలు కౌలుకు చేస్తుంది. మనిషి చురుకైనది. అడిగిన నలభై ఆరు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు చెప్పింది.

"పచ్చిరొట్ట వేస్తే నేల బాగుపడుతుందని తెలుసా?" అని అడిగింది వకుళ.

"తెల్సండి. మా అయ్య ఏసేవోడు."

"మరి మీరెందుకు వెయ్యరు?"

సువార్తమ్మ నవ్వేసింది. "ఏటోలెండి" అంది.

ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. వకుళ "ఆసక్తి లేదు" అని రాసుకుంది.

ఆ రాసుకున్నదే పెరిగి పెద్దదై నివేదిక చివరి పేజీలో ఇలా కూర్చుంది: "కౌలు రైతులకు నేల ఆరోగ్యంపై అవగాహన లేదు. వారికి జీలుగ విత్తనం ఇవ్వడం వృథా. విత్తనం ఆపి, ముందు శిక్షణ ఇవ్వాలి."

కమిటీ శివరాత్రి వెళ్ళాక కూర్చుంటుంది. ఆ మాట ఖాయమైతే వచ్చే ఎండాకాలం సువార్తమ్మలాంటి వాళ్ళెవరికీ ఒక్క గింజ దొరకదు. ఆ సంగతి వకుళకూ తెలుసు. అందుకే ఎక్కడో కాస్త ముల్లులా గుచ్చుకుంటోంది. ముల్లు తీయించుకోవడానికి కాదు గానీ, నువ్వు రాసింది సరైనదే అనిపించుకోవడానికి గురువుగారి దగ్గరకు బయలుదేరింది.

పరాంకుశం మాస్టారు ఆమెకు పాఠం చెప్పినవాడు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో వ్యవసాయ ఆర్థికం బోధించి, కాలవ గట్టు పక్కన చిన్న పెంకుటింట్లో ఉంటున్నాడు. పెరట్లో ఆరు మళ్ళు చేసి కూరలు పండిస్తాడు. వకుళ వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాది ఆమె చదువు మానేస్తానంటే, ఈయన ఏమీ అనకుండా రోజూ సాయంత్రం వాళ్ళింటికి వచ్చి, పాఠం చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆ మజ్జిగ రుణం తనవైపే ఉందని ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. ఆయన పేరెత్తితే చాలు, వకుళ గొంతు మెత్తబడుతుంది.

నివేదిక చేతికిస్తే ఆయన బరువు చూశాడు.

"అబ్బో! చదవడానికి నాకు రెండు నెలలు పడుతుందమ్మా. కళ్ళు మసక."

"చివరి పేజీ చూడండి మాస్టారూ, చాలు."

"చివరి పేజీ చివరే చదవాలి కదా. ఈలోగా నాకో పని చేసిపెట్టు. నడుం వంగడం లేదు. ఆ ఆరో మడి నువ్వు చూసుకో. ఏం వేసుకుంటావో నీ ఇష్టం, పండింది నీదే. మూలనున్న ఎరువు కుప్పలో ఎంత కావాలన్నా తీసుకో."

"ఎన్నాళ్ళు మాస్టారూ?"

"శివరాత్రి దాకా. ఆ తర్వాత అది ఎవరికిస్తానో నాకే తెలీదు."

గురువు అడిగితే కాదంటుందా! ఆదివారం ఆదివారం వచ్చి చేసింది. మడి చూడగానే దానికి ఏం కావాలో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది, చదివింది అదేగా. మట్టి గట్టిపడి ఉంది, ఈశాన్యం మూల ఇటుక ముక్కలు పాతుకుని ఉన్నాయి. ఇటుక ముక్కల జోలికి పోకుండా మిగతా మడి పైపైన గుల్ల చేసింది. తొందరగా చేతికొస్తుందని తోటకూర చల్లింది. ఎరువు కుప్ప పెరటికి ఆ చివర ఉంది. అంత దూరం ఎవరు మోస్తారులే అని ఒక్క గంపతో సరిపెట్టి, పైన పిడికెడు యూరియా విదిలించింది. కూర తళతళలాడుతూ వచ్చింది. రెండు కోతలు కోసుకుంది. ఆమె వచ్చినప్పుడల్లా మాస్టారు మడి పక్కన నిలబడి చూసేవాడు. నివేదిక గూట్లో ఉన్నది ఉన్నట్టే ఉంది.

శివరాత్రి ముందు ఆదివారం వకుళ ఆఖరి కట్ట కోస్తుంటే ఆయన వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"నిన్న ఆలోచించానమ్మా. ఈ మడి ఇక నీదే. అయిదేళ్ళు. నేను పోయినా నీదేనని మా అబ్బాయికి కూడా చెప్పాను."

వకుళ సంతోషం పట్టలేకపోయింది. మడి ఎంతనీ, నాలుగు బారలు. అయినా కొంగు బిగించి గునపం అందుకుంది. ముందు ఆ ఇటుక ముక్కలు తవ్వి గోడవతల పడేసింది. గంప నెత్తిన పెట్టుకుని ఎరువు కుప్పకూ మడికీ తిరగడం మొదలుపెట్టింది. రెండు, మూడు, అయిదు. మాస్టారి భార్య వంటింట్లోంచి కాఫీకి పిలిస్తే, "ఇదొక్కటీ మోసి వస్తానండీ!" అని కేకేసింది. మధ్యలో ఆగి ప్రణాళిక కూడా చెప్పింది.

"ఈ మూల కరివేపాకు వేస్తాను మాస్టారూ. అంటుకోవడానికి రెండేళ్ళు పట్టినా పర్లేదు. ఎండల్లో మడి ఖాళీగా ఉంచకుండా పిల్లిపెసర చల్లి దున్నేస్తే, పై ఏడాదికి మట్టి వెన్నలా ఉంటుంది."

"బాగుంది" అన్నాడు మాస్టారు. "ఎన్నో గంప?"

"ఎనిమిది."

"డిసెంబరులో ఎన్ని వేశావు?"

"ఒక్కటి."

ఆయన లోపలికి వెళ్ళి గూట్లోంచి నివేదిక తెచ్చాడు. చివరి పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"అవునుగానీ అమ్మాయ్, డిసెంబరులో నీకు లేని అవగాహన ఇవాళ పొద్దున్నే ఎక్కణ్ణుంచి వచ్చింది?"

తొమ్మిదో గంప వకుళ చేతుల్లోనే ఉండిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా! సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాఫీ తాగకుండానే స్కూటరు తీసింది.

సువార్తమ్మ చేలో గట్లు సరిచేస్తోంది. వకుళ గట్టు మీద నిలబడి నలభై ఏడో ప్రశ్న అడిగింది.

"సువార్తమ్మగారూ, ఈ చేను పోయినేడు కూడా మీరే చేశారా?"

"లేదండి. పోయినేడు తూముకాడది. అంతకుముందేడు రోడ్డు పక్కది. మా ఆసామిగారు ఏటా చేను మారుత్తారండి. ఒక్క చేనే రెండేళ్ళు చేత్తే నాదంటానేమోనని ఆయన బయం. కౌలు మాట తేలేసరికే కాలవకి నీళ్ళొచ్చేత్తాయి, ఇంక జీలుగెప్పుడు చల్లేది? ఒకేల చల్లినా, ఆ సారం పై ఏడు ఇంకోడికి పోద్ది. అద్దెకొంపకి ఎవరైనా సున్నాలేయిత్తారేటండి?"

"ఈ మాట నాకు అప్పుడే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ" అంది సువార్తమ్మ, తప్పు తనదేనేమో అన్నట్టు. "అడిగినయన్నీ చెప్పేనండి."

వకుళకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ మనిషి నోటి దగ్గర గింజ తీసేయమని రాసింది తను. ఆ మనిషేమో చేతులు కడుక్కుని, తన కోసం తెచ్చుకున్న గిన్నెలోంచి పుల్లటి తరవాణి గంజి మూతలో పోసి ఇస్తోంది. వకుళ గట్టు మీద కూర్చుని చుక్క మిగలకుండా తాగింది.

కమిటీని బతిమాలి ఇరవై రోజులు గడువు తీసుకుంది. కౌలు రైతుల ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. నూటికి తొంభైమంది ఏటా చేను మారుతున్నవాళ్ళే. మారకుండా ఒకే చేను చేస్తున్న కొద్దిమందీ ఎరువు తోలుతున్నారు. చివరి పేజీ చింపేసి కొత్తది రాసింది. విత్తనం ఆపవద్దని, ఒకే చేను మూడేళ్ళకు కౌలుకిచ్చే ఆసాములకు చేయూత ఇవ్వాలని రాసి, అందుకు కారణాన్ని సువార్తమ్మ మాటల్లోనే పెట్టింది. కమిటీలో పెద్దలు గుంజాటన పడ్డారు గానీ విత్తనం ఆగలేదు, చేయూతకూ సరేనన్నారు. సువార్తమ్మ ఆసామి మూడు రోజులు మీసం దువ్వుకుంటూ ఆలోచించి, ఉగాది వెళ్ళగానే తూముకాడి చేను మూడేళ్ళకు రాసిచ్చాడు. రాసిచ్చిన వారానికే అందులో జీలుగ మొలిచింది.

నివేదిక అచ్చుకు వెళ్ళేముందు వకుళ దాన్ని మాస్టారికి చూపించడానికి తెచ్చింది. ఈసారి మొదటి పేజీ తీసి ఇచ్చింది. కృతజ్ఞతల పేజీ అది. సగం పేజీ ఆయన గురించే. నాన్న పోయిన ఏడాది సాయంత్రాలు, మజ్జిగ, మడి, అన్నీ రాసింది. రాస్తూ ఏడ్చింది కూడా. అడుగున ఒక వరస: "సహకరించిన రైతులందరికీ ధన్యవాదాలు."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. చదువుతూ ఒకసారి కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత కలం తీసి తన పేరున్న సగం పేజీని అడ్డంగా కొట్టేశాడు. కింద "రైతులందరికీ" అన్న మాటకు సున్నా చుట్టి, కలం ఆమెకు ఇచ్చాడు.

వకుళ ఆ సున్నా చూసి కలం అందుకుంది. పేజీ పైన ఖాళీలో రాసింది. "వల్లూరి సువార్తమ్మ గారికి. నేను అడగని ప్రశ్నకు జవాబు చెప్పినందుకు."

రాసి తలెత్తింది.

"ఆవిడకు చదవడం రాదు మాస్టారూ."

"నీకు వచ్చు కదమ్మా" అన్నాడాయన.