రాజుగారి పాలరాతి గట్టు

అనగనగా ఒక రాజ్యం. రాజ్యమంటే మరీ పెద్దదేం కాదర్రా, ఇక్కడ రాజు తుమ్మితే పక్కరాజ్యం వాళ్ళు చిరంజీవ అనేవాళ్ళట, అంతే. ఆ రాజు పేరు పేరమరాజు, రాణి అక్కమాంబ, వాళ్ళ ఒక్కగానొక్క కోడలు నాంచారి. నాంచారి చేతివంట తిన్నవాళ్ళు తమ వేళ్ళు నాకేసి పక్కవాడి వేళ్ళకేసి చూసేవాళ్ళట. ఆ పిల్లకీ అంతే, పొయ్యి ముందుకొస్తే ప్రాణం లేచొచ్చేది. నగలడగదు, చీరలడగదు, వంటిల్లు తన చేతిలో ఉంటే చాలు.

ఆ యేడు వానలకి పాత వంటింటి గోడ కూలింది. అప్పటిదాకా కింద కూర్చునే వండేవాళ్ళు. అక్కమాంబకేమో మోకాళ్ళ నొప్పులు, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అందుకని ఈసారి నిలబడి వండుకునేలా నడుమెత్తు గట్టు కట్టిద్దామనుకున్నారు. బాగానే ఉంది. మరి గట్టు మీద ఏం పరవాలి? అక్కడొచ్చింది తంటా.

ఊ కొడుతున్నారా? బుజ్జిగాడి ఊ వినపడటం లేదేం? కథకి ఊ లేకపోతే కూరకి ఉప్పు లేనట్టే.

రాజు కొలువు పెట్టాడు. మంత్రి టేకు చెక్కన్నాడు. సేనాపతి ఇనపరేకన్నాడు, యుద్ధమొస్తే పీకి డాళ్ళు చేసుకోవచ్చట! రాజేమో పాలరాయన్నాడు. ఎందుకూ? పక్కరాజు తన స్నానాలగదిలో పాలరాయి వేయించాడు కనక. ఆ కొలువులో జన్మానికో పోపు పెట్టినవాడు ఒక్కడు లేడు, తీర్పులు మాత్రం తలా ఒకటి.

నాంచారి తలుపు చాటునుంచి, మామయ్యగారూ, వండేవాళ్ళని ఒక్క మాట అడగరాదా అంది, మెత్తగానే. రాజు మీసం ఊగేలా నవ్వాడు. రాళ్ళ సంగతి మాకొదిలెయ్యి, చారు సంగతి నువ్వు చూసుకో అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? పాలరాతి మీద మచ్చ పడిందో, వేసినవాళ్ళు మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు, పశువులశాలలో పేడ ఎత్తాలి అని దండోరా కూడా వేయించాడు.

నాంచారి లెక్క వేసుకుంది. పసుపు లేని పప్పుంటుందా, పులుపు లేని పులుసుంటుందా! ఇవాళ కాకపోతే రేపు మచ్చ పడుతుంది, పేడగంప తన నెత్తికెక్కుతుంది. అత్తగారు మెల్లిగా, పసుపు మానేద్దామా అమ్మాయ్ అని అడిగింది. పచ్చగా లేని పప్పు చూస్తే ఇంట్లో జ్వరమనుకుంటారత్తయ్యా, మానాల్సింది పసుపు కాదు అంది నాంచారి.

రాయి వచ్చింది, పరిచారు. పాలమీగడలా తళతళా ఉంది. మర్నాడు నాంచారి కొలువు మధ్యకే వచ్చి చేతులు జోడించింది.

"మామయ్యగారూ, కొత్త గుర్రం కొంటే ముందెవరెక్కుతారు?"

"నేనే."

"కొత్త కత్తి చేయిస్తే ముందెవరు తిప్పుతారు?"

"నేనే."

"కొత్త పడవలో ముందెవరు కూర్చుంటారు?"

"ఇంకెవరు, నేనే!"

"మరి గట్టు ఎంచినవారు మీరు. మొదటి వంట ఎవరిదండీ?"

కొలువులో వెనకెవరో నవ్వాపుకోలేక దగ్గారు. నేనే, నేనే, నేనే అని అందరి ముందూ అన్న నోటితో నేను కాదని ఎలా అంటాడు? పులిహోర చాలండీ, మీకు ప్రాణం కదా అంది నాంచారి, అమాయకంగా.

రాజు కిరీటం మీద తుండుగుడ్డ చుట్టుకుని దిగాడు. చింతపండు పిసికాడు, మోచేతులదాకా పులుసు. బొటబొటా గట్టు మీద పడింది. తన పట్టుకండువాతోనే తుడిచాడు. తుడిస్తే ఏముంది, ఆ కాస్త మేరా మెరుపు పోయి రాయి గుడ్డికన్నులా చూస్తోంది!

ఇప్పుడు వినండి. ఆ రాజ్యంలో చెంబు నల్లబడితే చింతపండు, బిందె మసకబారితే చింతపండు, దేవుడి దీపానికీ చింతపండే. ఏది మెరవాలన్నా అదే మందు. రాజుకీ అదే తెలుసు. వేశాడు ఇంకో పిడికెడు, రుద్దాడు. మంత్రి దొడ్డిదారిన వచ్చి నిమ్మకాయ ఇచ్చాడు, రుద్దాడు. సేనాపతి పుల్లమజ్జిగ తెచ్చాడు, పోశాడు. చింతపండుకి చిన్న మచ్చ, చిన్న మచ్చకి నిమ్మకాయ, నిమ్మకాయకి పెద్ద మచ్చ, పెద్ద మచ్చకి పుల్లమజ్జిగ, పుల్లమజ్జిగకి పళ్ళెమంత మచ్చ! ఈ కంగారులో మోచెయ్యి తగిలి పసుపుడబ్బా దాని మీదే బోర్లాపడింది, రాజు మోచేతులదాకా పసుపే. పాలరాయికి పులుపు పడదర్రా, పులుపు దాన్ని తినేస్తుంది. ఎంత రుద్దితే అంత తింటుంది.

తలుపు వెనక నాంచారి పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. కానీ లోపల బెదురుగానే ఉంది. రాజు తలుచుకుంటే దోషం ఎవరి నెత్తినైనా పెట్టగలడు. అనుకున్నంతా అయింది. రాజు గొంతు తగ్గించి, అమ్మా నాంచారీ, ఈ మచ్చ నువ్వు వేశావని చెబుదాం, ఏం? అన్నాడు.

అలాగేనండీ మామయ్యగారూ అంది నాంచారి. కాకపోతే మీ మోచేతులదాకా ఉన్న పసుపు ఎవరు పూశారని కొలువులో అడిగితే ఏం చెప్పమంటారు?

రాజు చేతులు దాచుకుందామని చూసేలోపే అక్కమాంబ తలుపులు బార్లా తెరిచింది. రండి రండి, మహారాజుగారి పులిహోర తిందురుగాని అని ఊరందర్నీ పిలిచింది. ఆ అత్తాకోడళ్ళు ముందే కూడబలుక్కున్నారో లేదో, అది నన్నడక్కండి.

దండోరా అందరూ విన్నదే. రాజు బావురుమన్నాడు. నాంచారి అంది కదా, బాధపడకండి, పొయ్యి దగ్గర ఏముండాలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళే తేల్చాలని కొత్త దండోరా వేయించండి, పాతది కొట్టుకుపోతుంది. రాజు హమ్మయ్య అని లేచాడు. అది సాయంత్రం వేద్దురుగాని, ఈ పూటకి మాత్రం గంప ఎత్తండి అంది. ఎత్తాడర్రా! ఆవులు కూడా తలలు తిప్పి చూశాయట.

తర్వాత నాంచారి గట్టు మీదికని రకానికో ముక్క తెప్పించింది. అన్నిటి మీదా చింతపండు, పసుపు, నూనె పోసి రాత్రంతా ఉంచింది. పొద్దున్నే పొయ్యి మీది మూకుడు తీసి ఒక్కోదాని మీదా పెట్టింది. టేకు కమిలింది, నాపరాయి తెల్లబోయింది, ఇనపరేకు చిలుమెక్కింది. నల్లరాయి మాత్రం తడిగుడ్డతో తుడిస్తే ఏం జరగనట్టు ఊరుకుంది. దానికీ లోపముంది, నల్లచీమ పాకితే కనపడదు. అయినా చీమని దులిపెయ్యొచ్చు, మచ్చని దులపలేంగా! అత్తగారిని నిలబెట్టి ఆవిడ నడుముకి సరిగ్గా నల్లరాతి గట్టు కట్టించింది. ఆ రోజు అక్కమాంబ మోకాళ్ళు పట్టుకోకుండా పప్పు ఎనిపింది.

పాలరాయి పీకి వీధరుగు మీద వేశారు. రాజు సరిగ్గా మచ్చ మీదే కూర్చునేవాడు. ఎంతటివాళ్ళొచ్చినా లేచి నిలబడేవాడు కాదట.

చేసేవాళ్ళనడిగి చేయించాలర్రా, అదీ నీతి. ఇంత గట్టిగా ఎందుకు చెప్పానా? మీ నాన్న అవతలి గదిలో మీ వంటింటి గట్టుకని రాళ్ళ ముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు, మీ అమ్మనొక్క మాట అడక్కుండా. అల్లుడికి నేను ఎదురు చెప్పకూడదు, కథకి అడ్డేముంది! ఇదిగో, కథ కంచికి బయల్దేరింది, మీ నాన్న గది ముందునుంచే. మనం దుప్పట్లోకి.