రాళ్ళవంక రాయికి రాని స్తోత్రం

ఒకానొక రాజ్యంలో రణధీరుడనే రాజు ఉండేవాడు. ఆయనకు కట్టడాల పిచ్చి. కట్టేదెవరు? రాళ్ళవంక అనే పల్లె నుంచి తోలుకొచ్చిన రెండు వందల మంది కూలీలు. కోట కాగానే ఊరికి పంపిస్తామన్నారు. కోట అయ్యాక బురుజన్నారు. బురుజయ్యాక విజయస్తంభమన్నారు. మూడేళ్ళు గడిచాయి. గద్దెనెక్కినవాడి 'రేపు'కు ఎప్పుడు తెల్లవారింది గనక!

కూలీలు పాడుకుంటూ మోకులు లాగేవారు. పాటెత్తేది సుంకులమ్మ అనే ముసలమ్మ.

"ఉప్పునీళ్ళ ఊరు మాది..."

"హైలెస్సా!"

"అమ్మ తాపితే తేనె అది..."

"హైలెస్సా!"

ఆ 'హైలెస్సా' దగ్గర అందరి చేతులూ ఒక్కసారే లాగేవి. రాయి కదిలేది.

ఆస్థాన పండితుడు వాగీశ్వరుడికి ఒళ్ళు మండింది. "ప్రభూ! మీ కోట నీడలో నిలబడి ముళ్ళకంపల ఊరిని పొగడటమా? ఇది రాజద్రోహం!"

రాజు చాటింపు వేయించాడు. పల్లె పాట పాడినవాళ్ళను రాజధాని నుంచి వెళ్ళగొడతారట! అంతకంటే ఘోరమైన శిక్ష ఆయనకు తోచలేదు పాపం. బదులుగా వాగీశ్వరుడు రాజస్తోత్రం రాసిచ్చాడు.

"అవ్వా, ఇప్పుడే పాడేద్దామా? తొలకరి దగ్గరికొచ్చె. విత్తనం వేయకుంటే పిల్లలేం తింటారు?" అన్నారు కూలీలు.

"ఆగండ్రా. ఇప్పుడు పాడితే మాట మారుస్తాడు. నలుగురి ముందు ఆయనే పాడమనాల" అంది సుంకులమ్మ.

స్తంభం నిలబెట్టే ముహూర్తం వచ్చింది. సామంతులంతా వచ్చి కూర్చున్నారు. సుంకులమ్మ అక్షరం తప్పకుండా స్తోత్రం ఎత్తుకుంది.

"సమస్తసామంతమకుటమణిమరీచిమంజరీ..."

ఎక్కడ లాగాలి? ముందువాళ్ళు 'మకుట' దగ్గర లాగారు, వెనకవాళ్ళు 'మణి' దగ్గర లాగారు. రాయి బెత్తెడు కూడా కదల్లేదు. సామంతులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమే, ఎందుకు కదలదు?" అని రాజు గర్జించాడు.

"ఇది మా ఊరి గుట్ట రాయి సామీ. పండితులవారి భాష దానికి తెలీదు."

"అయితే మీ ఊరి పాటే పాడు!"

"వెళ్ళగొడతామంటిరి కదా సామీ?"

"శిక్ష సంగతి తర్వాత! ముహూర్తం దాటిపోతోంది! అందరూ పాడండి!"

పాడారు. రాయి లేచి నిలబడింది.

వాగీశ్వరుడు ఎగిరి గంతేశాడు. "పాడారు ప్రభూ! రాజాజ్ఞ రాజాజ్ఞే! ఒక్కణ్ణి కూడా ఉండనివ్వకండి!"

సుంకులమ్మ చేతులు జోడించింది. "పండితులవారు న్యాయం చెప్పినారు. శిక్ష తప్పించుకుంటే పాపం. పదండ్రా!"

మూటలు తెల్లారకముందే కట్టి ఉన్నాయి.

రాజు నోరు తెరిచాడు. సామంతులందరూ చూస్తున్నారు. ఆజ్ఞ తనదే, ఎలా తప్పుతాడు?

"ముసలిదానా, ఆ ఎండిన ఊళ్ళో ఏముందని ఇంత ఆరాటం?"

"ఇప్పుడేమీ లేదు సామీ. మేమంతా ఈడనే ఉంటిమి కదా!"

రాజు కడుపు పట్టుకొని నవ్వాడు. వాళ్ళను సాగనంపడానికి బండ్లు కట్టించాడు, బండి బండికీ విత్తనాల బస్తాలు వేయించాడు.

ఆ ఏడు తొలకరికి రాళ్ళవంకలో నాగళ్ళు కదిలాయి.