నూరీ మచ్చలు

ప్రతి ఉదయం ఫజర్ నమాజు ముగిశాక ఇనాయతుల్లా దర్గా వరండాలో కూర్చుని, పిల్లుల పుస్తకంలో ఆనాటి సంగతులు రాసి, దర్గా గురువైన బాబాకు చదివి వినిపించేవాడు. బాబా పోయిన తరువాత ఆ అలవాటు పోయింది.

ఆ పుస్తకం ఎలా మొదలైందో కొంత చెప్పాలి. ఇనాయతుల్లా ఇరవై రెండేళ్లు కాలేజీలో జంతుశాస్త్రం బోధించినవాడు. అతని భార్య జులేఖా ఏడాదిన్నర మంచంలో ఉండి చనిపోయింది. ఆ ఏడాదిన్నరా ఆమె పక్కలో నూరీ అనే మూడు రంగుల పిల్లి పడుకునేది. నూరీకి ఎడమ కంటి మీద ఎర్ర మచ్చ, కుడి చెవి నుంచి బుగ్గ దాకా నల్ల మచ్చ, రెండింటి నడుమ వేలెడు వెడల్పున తెల్లని చార. మాట పడిపోయాక జులేఖా ఆ చారను వేలితో పైకీ కిందికీ నిమురుతూ పొద్దుపుచ్చేది. ఆమె పోయిన నలభై రోజులకు నూరీ కూడా పోయింది. ఇనాయతుల్లా ఇంటికి తాళం వేసి, నూరీ కూతురు రాణీని బుట్టలో పెట్టుకొని, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఈ దర్గాకు వచ్చి బాబాకు శిష్యుడయ్యాడు.

బాబా జపం చెప్పారు. అతడు జపం చేశాడు. మనసు మాత్రం రాణీ మీదే ఉండేది. నూరీ ముఖం మళ్లీ పుట్టాలి. అదే అతని పట్టుదల. చేపల బజారంతా గాలించి ఒక ఎర్ర గండుపిల్లిని తెచ్చాడు. వంటశాల వెనుక వెదురు తడికలతో వాటికి గది కట్టాడు. పుస్తకం మొదటి పుటలో నూరీ ముఖాన్ని రంగు పెన్సిళ్లతో, కొలతలతో సహా గీశాడు. తరువాతి పుటల్లో పుట్టిన ప్రతి పిల్లకూ ఒక బొమ్మ. బొమ్మ కింద ఒకే మాట: ‘కాదు’. అలాంటి పిల్లలను అతడు ఎత్తుకునేవాడు కాడు. పాలు మానగానే దర్గాకు వచ్చేవారికి ఇచ్చివేసేవాడు.

ఇది చాలదన్నట్టు బాబా ఒకరు. పొద్దున్న వేసిన తడిక గడియ మధ్యాహ్నానికి తీసి ఉండేది.

“బాబా, గడియ మళ్లీ మీరే తీశారు.”

“రాణీకి ఎండ కావాలట.”

“ఎవరు చెప్పారు?”

“అదే చెప్పింది. తలుపు దగ్గర కూర్చుని ఎంతసేపు అరిచిందో. నువ్వు రాసుకుంటున్నావు, వినలేదు.”

“బయట ఆ నల్ల గండు తిరుగుతోంది. అది లోపల దూరితే, తండ్రి ఎవరని నేను రాయాలి?”

“వచ్చినవాళ్లను తండ్రి ఎవరని అడిగే అలవాటు ఈ దర్గాలో లేదు కదా, మాస్టారూ.”

ఇనాయతుల్లా పళ్లు బిగబట్టి గడియ వేశాడు. రెండేళ్లలో ఎన్నిసార్లు వేశాడో అతనికే తెలియదు.

రాణీ నాలుగో కాన్పులో పుట్టిన ఒక ఆడపిల్లకు తల పూర్తిగా తెలుపు. తోక చివర మాత్రం పిసరంత నలుపు. నెల దాటితే ఏమైనా రంగు తేలుతుందేమోనని ఎదురుచూశాడు. తేలలేదు. బాబా మంచం పట్టడానికి ముందురోజు పొద్దున దాని బొమ్మ కింద పదిహేడో ‘కాదు’ రాశాడు. పెన్సిలు ముక్కు విరిగింది.

“నూరీ రక్తమే, బాబా. ఎర్ర గండును కూడా నేనే ఏరి తెచ్చాను. ఇంకేం చేయాలి?” అన్నాడు, తప్పు బాబాదే అయినట్టు.

“నన్నడిగితే? పాఠం చెప్పినవాడివి నువ్వు. అసలు మూడు రంగులు ఎలా వస్తాయి?”

“తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఎరుపూ నలుపూ రెండూ అందిన ఆడపిల్లకు, కడుపులో ఉండగానే, ఒక్కో కణంలో ఏదో ఒకటి నోరు మూసుకుంటుంది. నలుపు మూసుకున్నచోట ఎరుపు, ఎరుపు మూసుకున్నచోట నలుపు. రంగు చేరనిచోట తెలుపు.”

“ఎక్కడ ఏది మూసుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు?”

“మన చేతిలో లేదు. తల్లిదండ్రుల్లోనూ రాసి ఉండదు. అప్పటికప్పుడు ఎలా పడితే అలా జరిగిపోతుంది.”

“అంటే, నూరీయే మళ్లీ పుట్టినా అవే మచ్చలు రావా?”

ఇనాయతుల్లా ఇరవై రెండేళ్లు, ఏటా ఒకసారి, ఆ ప్రశ్నకు నల్లబల్ల మీద జవాబు రాసినవాడు. పెన్సిలు చెక్కుకుంటూ, “ఐదో కాన్పు చూస్తాను” అన్నాడు.

బాబా నుదురు కొట్టుకున్నారు. “బజారుకు పోయి ఉల్లిపాయలు పట్టుకురా, పో. ఆ పుస్తకం ఇక్కడ పెట్టి పో.”

అతడు ఉల్లిపాయల సంచితో తిరిగివచ్చేసరికి బాబా వరండాలో పుస్తకం మొదటి పుట తెరుచుకొని కూర్చున్నారు. పక్కన రెండు చిప్పలు. ఒకదానిలో గోడ అంచులకు పూసే ఎర్రని జాజు, రెండవదానిలో దీపపు మసి. తెల్లతల పిల్ల ఆయన ఒడిలో ఉంది. ఆయన దానిని రెండు చేతులతో ఎత్తి ఇతనివైపు తిప్పారు.

“ఇదుగో, నీ నూరీ.”

ఎడమ కంటి మీద ఎరుపు. కుడి చెవి నుంచి బుగ్గ దాకా నలుపు. నడుమ వేలెడు తెల్లని చార. ఇనాయతుల్లా చేయి దానంతట అదే లేచి, సగంలో ఆగింది.

“ఇది జాజు, బాబా.”

“కొలత సరిపోయిందా, లేదా?”

“సరిపోయింది.”

“మరి తీసుకో. రెండేళ్లు అడిగావు.”

అతడు తీసుకోలేదు. బాబా పిల్లను నేల మీద దించారు. అది అతని ముఖంలోకి ఒకసారి చూసి, కూర్చుని, ముందరి కాలితో ముఖం తుడుచుకుంది. కాలు ఎర్రబడింది. ఆ కాలిని నాకింది. మళ్లీ తుడుచుకుంది.

“అది నాకుతోంది” అన్నాడు ఇనాయతుల్లా. “బాబా, మసి దేనిలో కలిపారు?”

“ఆముదంలో.”

“ఆముదమా? దాని కడుపు ఎంత, మీరు పూసిన ఆముదం ఎంత? నెలన్నర లేని పిల్ల అది. కాస్త అయినా ఆలోచించవద్దా?” సంచి ఎక్కడ పడిందో చూసుకోలేదు. వంగి పిల్లను రెండు చేతులా ఎత్తుకున్నాడు. జాజు అతని చొక్కాకు అంటుకుంది.

“విసుక్కోకు” అన్నారు బాబా. “నీళ్లు పొయ్యి మీద పెట్టే ఉంచాను.”

ఇద్దరూ బావి దగ్గరి బండ మీద కూర్చున్నారు. బాబా చెంబుతో గోరువెచ్చని నీళ్లు సన్నగా పోస్తుంటే, ఇనాయతుల్లా శనగపిండితో దాని ముఖం రుద్దాడు. పిల్ల అతని బొటనవేలు కొరికింది. ముందు ఎర్రనీళ్లు పారాయి, తరువాత నల్లనీళ్లు.

“ఇంకో చెంబు పోయనా?”

“పోయండి. నెమ్మదిగా. చెవిలోకి పోకుండా.”