గట్టిగా మూసుకునే కత్తి

“గురూగారూ, మడతకత్తి ఒకటి కొనాలి. ఏది కొనమంటారు?”

తత్వాల గోష్ఠిలో అడగాల్సిన ప్రశ్న కాదిది. పైడయ్య గురువు చుట్టూ చేరినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. అడిగిన తాతారావు మాత్రం నవ్వలేదు. జీవుడెవరు, దేవుడెవరు అని మూడేళ్లుగా వింటూనే ఉన్నాడు, అందులో ఏం తలకెక్కిందో అతనికే తెలియాలి. సోమవారం నుంచి బావతో కలిసి తెప్ప మీద వేటకు పోవాలని, మొలతాడుకు కట్టుకోవడానికి తన దగ్గర కత్తి లేదని మాత్రం బాగా తలకెక్కింది. ఆ రేవులో కత్తి లేకుండా ఏ మగవాడూ నీటి మీదికి పోడు. దారం తెంపాలన్నా, చేప పొట్ట చీరాలన్నా, తీరిక వేళ వక్క ముక్కలు చేసుకోవాలన్నా దానితోనే పని. పడుకున్నప్పుడు కూడా అది మొలకే ఉంటుంది.

సంతలో మూడు రకాలు చూసి వచ్చాడు. ఇత్తడి పిడిది చూసి ఆనందించడానికే తప్ప అతని స్తోమతకు కొనేది కాదు. ఇక కర్ర పిడి, కొమ్ము పిడి. కర్ర పిడిది వదులు, కాస్త విదిలిస్తే చాలు విచ్చుకుంటుంది. కొమ్ము పిడిది బిగువు, మూస్తే టక్కుమని కూర్చుంటుంది. రెండింటితోనూ ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూశాడు. రెండూ నున్నగా గీశాయి. ఇంటికొచ్చి అడిగితే తల్లి ఒకటంటే పెళ్లాం ఇంకొకటంది. అందుకని గురువుగారి ముందు పెట్టాడు.

పైడయ్య గురువు నవ్వలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. తర్వాత లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, “రా” అని ఒక్క మాట అన్నారు.

ఇసుక దాటి చివరి గుడిసె నూకాలుది. నాలుగేళ్ల కిందట ఆమె మొగుడు ఎల్లాజీ వల దింపుతుంటే తాడు కాలికి చుట్టుకుంది. వలకు కట్టిన రాళ్ల బరువుతో పాటు అతనూ నీళ్లలోకి పోయాడు. తెప్ప మీదున్న అతని తమ్ముడు వల లాగి పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. రేవులో అందరికీ తెలిసింది ఇంతే, తాతారావుకూ ఇంతే తెలుసు.

వాళ్లు వెళ్లేసరికి నూకాలు వాకిట్లో చేపలకు పొలుసు తీస్తోంది.

“అమ్మా, ఆ కత్తి ఓపాలి తే” అన్నారు గురువుగారు.

ఆమె ఎందుకని అడగలేదు. చెయ్యి కడుక్కుని లోపలికి పోయి, చూరులో దోపిన గుడ్డ మూట తెచ్చి విప్పింది. కొమ్ము పిడి కత్తి. సంతలో తాతారావు మనసు పడ్డదీ అచ్చం ఇలాంటిదే. నాలుగేళ్లయినా తుప్పు లేదు, ఎవరో నూనె రాస్తూనే ఉన్నారు. ఎవరో ఏమిటి, ఆమే.

“తియ్యి” అన్నారు గురువుగారు.

తాతారావు గాడిలో గోరు పెట్టి లాగాడు. కాస్త బిగువుగానే అయినా విచ్చుకుంది. అంచు తళతళలాడింది. “మంచి కత్తి గురూగారూ!” అనేశాడు. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు.

నూకాలు అతని చేతిలోంచి కత్తి తీసుకుని మూసింది. టక్కుమంది. తర్వాత అతని రెండు చేతులూ పట్టుకుని చేపలు కడిగిన బేసినులో మణికట్టు దాకా ముంచింది. నీళ్లు చల్లగా, జిగురుగా ఉన్నాయి. పైకి తీసి, కత్తి మళ్లీ అరచేతిలో పెట్టింది.

“ఇప్పుడు తియ్యి.”

గోరు జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. అలవాటుగా చెయ్యి లుంగీకి తుడుచుకోబోయాడు.

“తుడవకు” అంది నూకాలు. “ఆయనకి తుడుసుకోడానికి గుడ్డ లేదు.”

పళ్లు బిగించి లాగాడు. గోరు వెనక్కి విరిగినంత పనైంది. అబ్బా అని వదిలేశాడు. కత్తి మూసే ఉంది.

“పైకి తీసేతలికి కత్తి గుప్పిట్లోనే ఉంది” అంది ఆమె, గిరాకీకి చేపల ధర చెప్పినట్టు. “మూసే ఉంది. బొటనేలికి గోరు లేదు.”

తాతారావుకు ఆ కత్తిని అక్కడే పారేసి పరుగెత్తాలనిపించింది.

“నానే ఏరినాను తమ్ముడూ. వదులుదయితే నిద్దట్లో ఇచ్చుకుని కోసేత్తాదేమోనని భయం. గట్టిగా మూసుకుంటాదని ఇదే ఏరినాను. నా సేతుల్తోనే మొలకి కట్టినాను.” మాట్లాడినంతసేపూ ఆమె తాతారావు వంకే చూసింది. గురువుగారి వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆయన కూడా తలెత్తలేదు.

నూకాలు కత్తి తుడిచి, గుడ్డలో చుట్టి, చూరులో దోపి వచ్చి మళ్లీ చేపల ముందు కూర్చుంది.

ఇద్దరూ ఇసుకలో తిరుగుదారి పట్టారు. తాతారావు బొటనవేలు ఇంకా సలుపుతూనే ఉంది. చివరికి ఉండబట్టలేక, “అయితే కర్ర పిడిదే కొనమంటారా?” అన్నాడు.

“వదులు కత్తి ఇచ్చుకునే కదరా గవరయ్య కొడుక్కి తొడ నరం తెగింది? నువ్వేగా మోసుకొచ్చావు?”

నిజమే, తనే మోసుకొచ్చాడు. దారిలోనే పోయాడు ఆ పిల్లాడు. తాతారావుకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. “మరేటి కొనాల గురూగారూ? సోమారం నాను నీటిమీదికి పోవాల! ఏదో ఒకటి సెప్పండి!”

గురువుగారు ఆగారు. ఇసుకలో నిలబడ్డ ఆ మనిషి ఒక్కసారిగా పదేళ్లు ముసలివాడైనట్టు కనిపించాడు.

“నూకాలు అబద్ధం ఆడింది నాయనా. ఆ కత్తి తను ఏరింది కాదు. నీలాగే గోష్ఠికొచ్చి నన్నడిగింది. అప్పుడు నాను సెప్పినాను.”